ఇంటిపేరు: రట్లాండ్

"తెలుక్ ఇంటాన్ తెలుగు కుటుంబ సమితి వారు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, రట్లాండ్ ఇంటిపేరుగల వరుడు రట్లాండ్ ఇంటిపేరుగల వధువును వివాహమాడుట సంప్రదాయ విరుద్ధము. అట్టివారు వరుసకు అన్నాచెల్లెళ్ళు అగుదురు. ఇట్టి జంటలకు సమితి ఆధీనములోని రామమందిరమున కల్యాణమంటపము ఇవ్వబడదు."

పై ప్రకటన రాసినవాణ్ణి నేనే. సమితికి కార్యదర్శిని. ముప్పై నాలుగేళ్ళు ఒక బడి ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాను కనుక, ఎంత తలాతోకా లేని సంగతినైనా మూడు వాక్యాల్లో మర్యాదగా కూర్చోబెట్టడం నాకు అలవాటు. మా సమితిలో తెలుగు చక్కగా రాయగలవాణ్ణి నేనొక్కణ్ణే. అందుచేత మా సమితి చేసే తప్పులన్నీ నా దస్తూరీలోనే ఉంటాయి.

ఆంధ్రదేశంలోని పాఠకులకు రట్లాండ్ అనే ఇంటిపేరు కొత్తగా ఉండవచ్చు. రట్లాండ్ అంటే మొదట ఇంగ్లండులో ఒక జిల్లా. అక్కడి పాత జిల్లాలన్నిటిలోకి చిన్నది. అమెరికాలో అదే పేరుతో ఒక పట్నం ఉంది. అండమానులో ఒక దీవి కూడా ఉంది. ఇంగ్లీషువాడు వెళ్ళిన ప్రతిచోటా తన ఊరి పేరు ఒకటి పెట్టి వచ్చేవాడు. మా మలేషియాకీ వచ్చాడు. సుంగై సుమున్ దగ్గర అడవి కొట్టించి రబ్బరు మొక్కలు వేయించిన దొరకి ఇంటిమీద బెంగ పుట్టి, ఆ తోటకి రట్లాండ్ అని పేరు పెట్టాడట. మొక్కలు నాటినవాళ్ళకి ఆ సంగతి తెలియదు. శ్రీకాకుళం వైపునుంచి ఓడెక్కి వచ్చిన మా తాతలు రట్లాండ్ అంటే దొరగారి భార్య పేరు అనుకున్నారు. ఆవిడ ఎప్పుడూ కనబడలేదు కనుక ఆ పేరు మీద భక్తి ఇంకా పెరిగింది.

దొర పోయాడు. రబ్బరు పోయి పామాయిల్ వచ్చింది. లయాలు, అంటే కూలీల ఇళ్ళ వరసలు, కూలగొట్టారు. అక్కడ ఇప్పుడు "రట్లాండ్ హైట్స్" అనే ఇళ్ళ కాలనీ ఉంది. హైట్స్ అంటే ఎత్తయిన చోటు. మా ప్రాంతంలో ఎత్తయినది ఏదైనా ఉందంటే అది సముద్రపు పోటు ఒక్కటే, అది ఏడాదికి రెండుసార్లు ఆ కాలనీ వీధుల్లోకి వస్తుంది. గేట్లమీద రెండేసి సింహాలున్నాయి. రట్లాండ్ పేరుతో ఒక ట్యూషన్ సెంటరు, ఒక కారు కడిగే చోటు, కర్రీ మీ అనే నూడుల్సు పులుసు అమ్మే దుకాణం ఒకటి కూడా ఉన్నాయి. కర్రీ మీ బాగుంటుంది. తోటలో మిగిలింది మా రామమందిరం ఒక్కటే.

ఇక ఆ పేరు మా ఇంటిపేరు ఎలా అయిందో చెప్పాలి.

మాకు ఇంటిపేర్లు లేవు. ఓడ దిగినచోట కూర్చున్న గుమాస్తా "పేరేమిటి, తండ్రి పేరేమిటి" అని రెండే అడిగాడు. ఇప్పటికీ మా గుర్తింపు కార్డుల్లో ఫలానావాడు, ఫలానావాడి కొడుకు అని ఉంటుంది, అంతే. నాలుగు తరాలు ఆ లోటు ఎవరికీ లోటుగా తోచలేదు. రెండేళ్ళ కిందట మా అధ్యక్షులు కృష్ణకుమార్ గారు హైదరాబాదులో ఏదో మహాసభకు వెళ్ళి శాలువా కప్పించుకుని వచ్చారు. అక్కడ భోజనాల దగ్గర ఎవరో ఆయన్ని "మీ ఇంటిపేరండీ?" అని అడిగారట. ఆయన చేతిలో పూర్ణం చేతిలోనే ఉండిపోయిందట. తిరిగి రాగానే పెళ్ళిసంబంధాల పట్టిక తయారుచెయ్యాలని తీర్మానం పెట్టారు. "ఇంటిపేరు లేని జాతి తలుపు లేని ఇల్లు!" అని నలభై నిమిషాలు మాట్లాడారు. చప్పట్లు కొట్టాం.

దరఖాస్తు ఫారం నేనే తయారుచేశాను. నాలుగో గడి: ఇంటిపేరు. తొమ్మిదో నిబంధన: ఖాళీలున్న దరఖాస్తులు తీసుకోబడవు. మొదటి ఆదివారం వచ్చిన డెబ్భైమందీ నాలుగో గడి దగ్గర ఆగిపోయారు. బయట ఎండ, లోపల ఒకటే ఫ్యాను. అప్పుడు మా కోశాధికారి పకీరిసామి గారు దారి చూపించారు. (మాట చివర "లా" అనడం మా దేశపు ఊతపదం, పట్టించుకోకండి.)

"కాలీగా వదలొద్దు లా. ఆంధ్రాలో ఇంటిపేర్లు సానామటుక్కి ఊరి పేర్లే గదా? మన ఊరేటి? తోటే గదా? తోట పేరు రాసీండి, అయిపోద్ది."

ఈ వాదనలో తప్పు పట్టండి చూద్దాం. నాకు చేతకాలేదు. అలా నమోదైన నాలుగువందల పన్నెండుమందిలో మూడువందల ఆరుగురు రట్లాండ్ వారయ్యారు. అధ్యక్షులు తమ ఇంటి గేటుమీద ఇత్తడి పలక వేయించుకున్నారు. "రట్లాండ్ కృష్ణకుమార్" అని. దాన్ని వారానికోసారి చింతపండు పెట్టి తోముతారు.

పట్టికను కంప్యూటరులోకి ఎక్కించే పని మోహనప్రియకి అప్పగించాం. తెలుక్ ఇంటాన్‌లో కంప్యూటరు పాఠాలు చెప్పే పిల్ల. తల్లిదండ్రులు జోహోర్‌లో ఫ్యాక్టరీ పనిలో ఉంటే, ఇక్కడ నాయనమ్మ రామలక్ష్మి గారే పెంచింది. ఇంటిపేరు ఒకటే అయిన అబ్బాయినీ అమ్మాయినీ పక్కపక్కన పెడితే గడి ఎర్రబడాలని అధ్యక్షులు ఆజ్ఞాపించారు. ఆ పిల్ల చెప్పినట్టే చేసింది. పని పూర్తయ్యాక, సరిగ్గా నడుస్తోందో లేదో చూద్దామని మొదటి జంటగా తన పేరూ, తను పెళ్ళాడబోయే తివాకర్ పేరూ పెట్టింది. ఎర్రబడింది.

తివాకర్ ఏసీలు బాగుచేసే కుర్రాడు. ఆ కంప్యూటరు సెంటరులో ఏసీ చెడిపోతే బాగుచెయ్యడానికి వచ్చి, ఆ తర్వాత చెడిపోకపోయినా వచ్చేవాడు. ఉండేది సుంగై సిపుట్. తల్లి తమిళావిడ, తండ్రి రట్లాండ్ తోటలో పుట్టి చిన్నప్పుడే వెళ్ళిపోయినవాడు. ముహూర్తం ఆరు వారాల్లో ఉంది. మంటపం కోసం ఇద్దరూ కలిసి సమితి ఆఫీసుకి వచ్చారు.

"నాకు ఆ గడి ఏటో తెల్దు అంకుల్. అప్పా పుట్టిన తోట రాయమన్నారు, రాసినాను," అన్నాడు తివాకర్. "కావాలంటే ఇప్పుడు కొట్టేస్తాను లా."

నమోదైనదాన్ని కొట్టివేయడానికి నిబంధన లేదని విచారంతో తెలియజేశాను.

రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకోవచ్చు కదా అని మీరంటారు. ప్రభుత్వానికి ఏ అభ్యంతరమూ లేదు, దానికి మా సంప్రదాయం తెలియదు. కాని రామలక్ష్మి గారికి ఎనభై నాలుగేళ్ళు. ఆ రామమందిరం కట్టినప్పుడు, పొద్దున్నే రబ్బరు చెట్లకి పాలు గీసి వచ్చి, మధ్యాహ్నం ఇటుకలు మోసిన ఆడవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఆవిడే. మనవరాలి పెళ్ళి అక్కడే జరగాలని ఆవిడ కోరిక, వేరే ఏదీ ఎన్నడూ అడిగింది లేదు. "మామ్మ రాకుండా నాకు పెల్లేటి అంకుల్? మామ్మ గుడిలోనే అంటాది," అంది మోహనప్రియ. అని, ఏడవకుండా ఉండడానికి నా బల్లమీద కాగితాలన్నీ అంచులు కలిపి సర్దింది. నాకు జాలి వేసింది. జాలి వేసినప్పుడు గుమాస్తా ఏం చేస్తాడో నేనూ అదే చేశాను, అత్యవసర సమావేశం పిలిచాను.

మొదటి సమావేశంలో పకీరిసామి గారు శాఖాభేదం ప్రతిపాదించారు. రట్లాండ్ తోటలో పై లయం, కింది లయం ఉండేవి. అవి రెండు శాఖలనుకుంటే పెళ్ళి కుదురుతుంది కదా అన్నారు. ముగ్గురితో ఉపసంఘం వేశాం. వారు మూడు వారాలు పరిశోధించి, దొర బుద్ధి పుట్టినప్పుడల్లా పైవాళ్ళని కిందికీ, కిందివాళ్ళని పైకీ మార్చేవాడనీ, ఒకే కుటుంబంలో ముగ్గురన్నదమ్ములు మూడు చోట్ల పుట్టారనీ నివేదిక ఇచ్చారు. నివేదికను అభినందించి బీరువాలో పెట్టాం.

రెండో సమావేశంలో దత్తత ఆలోచన వచ్చింది. వేరే ఇంటిపేరువాళ్ళు తివాకర్‌ని దత్తత తీసుకుంటే అతని ఇంటిపేరు మారుతుంది, శాస్త్రం ఒప్పుకుంటుంది. సభలో రట్లాండ్ కానివాడు కణ్ణన్ ఒక్కడే ఉన్నాడు. సెరి మెలాతి తోటవాడు, లారీ నడుపుతాడు, ఇరవై తొమ్మిదేళ్ళు. తివాకర్‌కి ముప్పై ఒకటి. దత్తపుత్రుణ్ణి తండ్రి ఒడిలో కూర్చోబెట్టుకోవాలని అధ్యక్షులు గుర్తుచేశారు. కణ్ణన్ తివాకర్‌ని ఎగాదిగా చూశాడు.

"నాకే ఇంకా పెల్లికి పొణ్ణు దొరకనేదు. ముందే కొడుకేటి అంకుల్?" అన్నాడు.

ఇతని అభ్యంతరాన్ని భావోద్వేగపూరితమైనదిగా నమోదు చేశాను.

ఈలోగా కంప్యూటరు ఊరుకోలేదు. మోహనప్రియ పట్టికలో పాత పెళ్ళిళ్ళు కూడా ఎక్కించింది. ఎక్కించమని ఎవరూ చెప్పలేదు. రామమందిరంలో ఇంతవరకు జరిగిన నూటనలభై పెళ్ళిళ్ళలో తొంభై ఆరు ఎర్రబడ్డాయి. నాదీ వాటిలో ఉంది. అధ్యక్షులదీ ఉంది. కృష్ణకుమార్ గారూ, వారి శ్రీమతి సుమతి గారూ ఇరవై ఏడేళ్ళుగా అన్నాచెల్లెళ్ళని ఆ విధంగా బయటపడింది. అధ్యక్షులు హుందాగా ఉన్నారు. సుమతి గారు మాత్రం ఆ మర్నాడు నేను వాళ్ళింటికి సంతకాల కోసం వెళ్ళేసరికి వంటింట్లోంచి కేక వేశారు.

"అన్నయ్యా! కాపీ ఎట్టమంటావేటి? ఇరవయ్యేడు దీపావళులు అయినాయి, ఒక్క పుట్టింటి సీరైనా ఎట్టినావా నాకు?"

అధ్యక్షులు నావైపు చూడకుండా సంతకాలు పెట్టారు. ఆ రోజు ఒక సంతకం తప్పు గడిలో పడింది.

ఇక మూలానికే వెళ్ళాలని ఆయన నిర్ణయించారు. ఇంగ్లండులోని రట్లాండ్ జిల్లాలో చరిత్రాభిమానుల సంఘం ఒకటి ఉందని తెలిసి, రట్లాండ్ వారి గోత్రం ఏమిటో, వారిలో వారు పెళ్ళిళ్ళు చేసుకోవచ్చునో లేదో దయతో తెలుపవలసిందని నాచేత ఉత్తరం రాయించారు. మోహనప్రియ దాన్ని ఇంగ్లీషులో పెట్టి ఈమెయిల్ పంపింది. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. రాసినావిడ రిటైరైన పంతులమ్మ.

మోహనప్రియే దాన్ని మూడో సమావేశంలో చదివి వినిపించింది. గోత్రం అంటే ఏమిటో తమకు తెలియలేదనీ, సంఘంలో టీ తాగుతూ అందరూ చర్చించుకున్నారనీ, మలేషియాలో తమవాళ్ళు మూడువందల మంది ఉన్నారని తెలిసి సంతోషించారనీ ఆవిడ రాసింది. తమ జిల్లాలో రట్లాండ్ వాళ్ళు ఒకరినొకరు పెళ్ళి చేసుకోకపోతే చలికాలంలో తోచదని కూడా రాసింది. చివర ఒక మాట: "1974 ఏప్రిల్ ఒకటో తారీకున ప్రభుత్వం మా జిల్లాని రద్దుచేసి పక్క జిల్లాలో కలిపేసింది. 1997 ఏప్రిల్ ఒకటిన మళ్ళీ ఇచ్చింది. ఆ ఇరవై మూడేళ్ళూ చట్టప్రకారం రట్లాండ్ అనేదే లేదు. మేం మాత్రం ఉత్తరాల మీద రట్లాండ్ అనే రాసుకునేవాళ్ళం."

మోహనప్రియ కాగితం మడిచింది. ఆ పిల్ల ముఖంలో నవ్వు ఏ కోశానా లేదు.

"అద్దెచ్చుల వారికి మనవి," అంది. అధ్యక్షుల వారికి అనబోయింది, తెలుగులో సభామర్యాద కొత్త. "తివాకర్ పుట్టింది తొంబై నాలుగులో. అప్పటికి రట్లాండ్ నేదు. నేని ఇంటిపేరు పుట్టినోడికి ఎలగొస్తాది అంకుల్? నాను తొంబై ఎనిమిదిలో పుట్టినాను. నాకు రట్లాండ్ ఉంది, ఆడికి నేదు."

పకీరిసామి గారు వేళ్ళమీద లెక్కపెట్టుకున్నారు. అధ్యక్షులు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. సుమతి గారు పుట్టింది డెబ్భై అయిదులోనని ఆయనకి జ్ఞాపకం వచ్చిందని ఆ ముఖం చూస్తేనే తెలిసింది.

"సభ్యులారా!" అన్నారాయన లేచి. "చరిత్ర మాట్లాడింది! సంప్రదాయం గెలిచింది! డెబ్భై నాలుగుకీ తొంభై ఏడుకీ మధ్య జన్మించిన వారెవరూ రట్లాండ్ వారు కారని ఈ సభ సగర్వంగా తీర్మానిస్తోంది!"

మళ్ళీ చప్పట్లు కొట్టాం. ఆ తీర్మానంతో నూటపంతొమ్మిది మంది సభ్యుల ఇంటిపేరు ఊడిపోయి నాలుగో గడి ఖాళీ అయిందనీ, తొమ్మిదో నిబంధన ప్రకారం వారి నమోదు రద్దయిందనీ నేను తర్వాత గమనించాను. గమనించి ఊరుకున్నాను.

చప్పట్లకి వెనక బెంచీమీద రామలక్ష్మి గారికి మెలకువ వచ్చింది. ఆవిడ మూడు సమావేశాలకీ వచ్చి అక్కడే కూర్చుంది. మా సమావేశాలు సగం తమిళంలో, సగం ఇంగ్లీషులో నడుస్తాయి, ఉపన్యాసాలు మాత్రం తెలుగులో ఉంటాయి. ఆ ఉపన్యాసాల తెలుగు ఆవిడ మాట్లాడే తెలుగు కాదు. కనుక గొడవ దేనిగురించో ఆవిడకి అంతవరకు బోధపడలేదు. "ఏటొలే? ఏటైనాది?" అని మనవరాలిని అడిగింది. మోహనప్రియ చెవిలో చెప్పింది. ఆవిడ నోరంతా తెరిచి నవ్వింది.

"రట్లాండు ఇంటిపేరేటర్రా? దొరోడి తోటది! మనం ముద్దాడోరం. ఈ గుంటడి తాత పేడాడోరోడు, మా లయంలోనే ఉండీవోడు. ఆలకీ మనకీ సంబందం సుబ్బరంగా కలుస్తాది. నన్నడిగితే సెప్పనా?"

ఆవిడ ఇంకా ఉత్సాహపడింది. లయాల్లో పెళ్ళిసారె పంచేటప్పుడు ప్రతి గడప దగ్గరా ఆ ఇంటివారి పేరు పెట్టి పిలిచి మరీ పంచాలట, పేరు తప్పితే వాళ్ళు పుచ్చుకోరట. చిన్నప్పట్నుంచీ పళ్ళెం మోసింది కనుక అన్నీ నోటికి వచ్చు. పకీరిసామి గారిని చూసి "నీ తాత చింతాడోరు" అంది. నన్ను చూసి "బొడ్డేపల్లోరు" అంది. అరవై రెండేళ్ళకి నా పేరు నాకు ఎవరో చేతిలో పెట్టినట్టయింది. జేబులోంచి పెన్ను తీసి అరచేతిమీద రాసుకున్నాను.

ఆ తర్వాత ఆవిడ అధ్యక్షులవైపు తిరిగింది.

"నువ్వు గేదెలోరి వోడివి గాదేటి, కిష్టా?"

శ్రీకాకుళం ప్రాంతంలో అది ఎంతో గౌరవనీయమైన ఇంటిపేరు. కాని అధ్యక్షులకి గేటుమీది ఇత్తడి పలక కళ్ళముందు మెదిలి ఉండాలి. "లిఖితపూర్వకమైన ఆధారం లేని మౌఖిక సమాచారాన్ని సమితి స్వీకరించజాలదు," అని ప్రకటించి, సభని టీకి లేపేశారు.

పెళ్ళి అనుకున్న ముహూర్తానికి, రామమందిరంలోనే, బ్రహ్మాండంగా జరిగింది. సమితి ధ్రువపత్రంలో వధువు ఇంటిపేరు రట్లాండ్ అనీ, వరుడి ఇంటిపేరు "చారిత్రక కారణములచే లేదు" అనీ నేనే రాశాను. కాని మోహనప్రియ అచ్చువేయించిన శుభలేఖలో ముద్దాడ వారూ పేడాడ వారూ ఉన్నారు. రామలక్ష్మి గారు కుర్చీలో కూర్చునే అక్షింతలు వేసింది. అధ్యక్షులు సంప్రదాయ పరిరక్షణ గురించి ముప్పావుగంట ప్రసంగించారు. సుమతి గారు ఆయన్ని ఇంకా అన్నయ్యా అనే పిలుస్తున్నారు, అలవాటైపోయిందట.

పెళ్ళయిన మరుసటి వారం నేను ఒక నోటుబుక్కు కొనుక్కుని రామలక్ష్మి గారింటికి వెళ్ళాను. సమితి పంపలేదు, సిగ్గేసి నేనే వెళ్ళాను. ఆవిడ ఇల్లు మా ఆఫీసుకి రెండు వీధుల అవతల. రెండేళ్ళుగా ఇంటిపేర్ల కోసం హైదరాబాదు, ఇంగ్లండు వెతికినవాళ్ళం ఆ రెండు వీధులూ దాటలేదు. మూడు సాయంత్రాలు కూర్చుని చెప్పింది. లయం వరసన, గడప వరసన, అరవై ఒక్క ఇంటిపేర్లు. నేను ఒక్కొక్కటీ రాసి చదివి వినిపించాను. ఒకటి రెండుచోట్ల దిద్దింది.

అన్నీ అయ్యాక పుస్తకం మూస్తూ అడిగాను, "మీరు ముద్దాడోరి కోడలు గదా మామ్మా, మరి మీ పుట్టింటోరు ఎవులు?"

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. పెదాలు కదిపింది. వేళ్ళమీద లయాలు మళ్ళీ లెక్కపెట్టుకుంది. చివరికి తల అడ్డంగా ఊపింది.

"మర్సిపోనాను బాబూ. పదారేల్లకి పెల్లయినాది. అప్పట్నించి ఎవులూ అడగనేదు."

ఇంతసేపూ మా సమితిని చూసి నవ్వుకున్నారు, సంతోషం. మమ్మల్ని ఓడ దిగినచోట గుమాస్తా అడగలేదు, అందుకని మాకు లేవు. మీరు ఓడ ఎక్కలేదు, మీ ఇంటిపేరు మీ పేరుకి ముందే భద్రంగా ఉంది. మీ నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరేమిటో ఒక్కసారి పైకి చెప్పండి, వింటాను.